పూటపులుపు

గుమ్మలపాడులో ఆ వేసవి పాలు తోడుకోవడం మానేశాయి.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఒకనాడు తోడుకోకపోతే పాలు వేడి చాలలేదనుకుంటారు. మర్నాడూ తోడుకోకపోతే తోడు పాడైందనుకుంటారు. ఆ తర్వాత గిన్నె పట్టుకుని పక్కింటికి వెళతారు. గుమ్మలపాడు ఆడవాళ్లూ అదే చేశారు. ఊరంతా గిన్నెలతో ఒకరింటికొకరు తిరిగి తోడు ఇచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. దాంతో మంచి పెరుగున్న నాలుగిళ్లలో కూడా అది కాస్తా పోయింది. తెల్లవారి మూత తీస్తే గిన్నెలో లేత కాఫీ రంగు నీళ్లు, పైన ఒక వాసన. చెడ్డ వాసనైనా బాగుండేది, ముక్కు మూసుకుని పారబోసేవారు. అది చాక్లెట్ వాసన. చాక్లెట్ వాసన వేసే పెరుగుని ఏమని తిట్టాలో ఊళ్లో ఎవరికీ తెలియలేదు.

ఇడ్లీ పిండి పొంగలేదు. ఆవడలకి పెరుగు లేదు. మజ్జిగ పులుసు అన్న మాటే మరిచిపోయారు. ఇంత జరిగినా మగవాళ్లకి చీమ కుట్టినట్టయినా లేదు. చివరికి తాటికల్లు కూడా పులవడం మానేసి, చెట్టు దిగిన తీపితోనే కుండలో కూర్చుంది. అప్పుడు గాని వాళ్లకి ఊళ్లో ఏదో ఘోరం జరుగుతోందని తెలిసిరాలేదు.

హిమబిందుకు మాత్రం మొదటిరోజే తెలిసింది. ఆ వాసన ఆమె తయారుచేసిందే.

గుమ్మలపాడు ఏలూరుకి పైన మెరక మీద ఉంది. ఊరి చుట్టూ కొబ్బరితోటలు, వాటి నీడలో కోకో చెట్లు. ఆ రోజులకి ఆఫ్రికాలో కోకో తోటలు తెగులు పట్టి సగానికి సగం ఎండిపోయాయి. చాక్లెట్ లేకపోతే పిల్లలూ పెద్దలూ ఊరుకోని దేశాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. వాళ్ల కంపెనీలన్నీ వెతుక్కుంటూ మెరక ఊళ్లకి వచ్చాయి. అడవి కొట్టి వేసిన తోట కాకూడదన్నారు, బడికెళ్లే పిల్లలచేత పని చేయించకూడదన్నారు, మందులు తగ్గించాలన్నారు. కొబ్బరి నీడన బతికే చెట్లకి వీటిలో ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా పులియబెట్టడంలోనే వచ్చింది.

కోకో కాయ కొడితే లోపల తెల్లటి తియ్యటి గుజ్జు, ఆ గుజ్జులో గింజలు ఉంటాయి. పచ్చి గింజ నోట్లో పెట్టుకుంటే వేపపుల్ల నయమనిపిస్తుంది. దాన్ని గుజ్జుతో సహా చెక్క పెట్టెల్లో పోసి, అరటి ఆకులు కప్పి, ఆరు రోజులపాటు తిరగేస్తూ పులియబెట్టాలి. చాక్లెట్ వాసన పుట్టేది అక్కడే. తర్వాత ఎండబెట్టాలి. కాలం మారిపోయి వేసవి మధ్యలోనే వానలు కురవడం మొదలయ్యాక ఆ ఆరు రోజులూ గండంగా మారాయి. పెట్టెల్లో బూజు పట్టేది. కంపెనీవాళ్లు గింజ కోసి చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేవారు.

హిమబిందు సూక్ష్మజీవుల శాస్త్రం చదివి, హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబులో చాలాకాలం పనిచేసిన మనిషి. భర్త గోపీకృష్ణ కోకో రైతు. అతని తోటలోని పాత మోటారు షెడ్డుని కడిగించి, సున్నం వేయించి, అందులోనే తన ల్యాబు పెట్టుకుంది. ప్రెషర్ కుక్కర్లో సీసాలు ఉడికించే ల్యాబు అది. కానీ బుర్ర మాత్రం ఆమెదే కదా. పెట్టెలో గింజల్ని పులియబెట్టేవి మూడు రకాల జీవులు. మొదటిది గుజ్జులోని తీపిని కల్లులా మారుస్తుంది. రెండోది పులుపు పట్టిస్తుంది. మూడోది ఆ కల్లుని వెనిగర్ చేసి పెట్టెని వేడెక్కిస్తుంది. ఒకరు వండి, ఒకరు వడ్డించి, ఇంకొకరు అంట్లు తోమినట్టు ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఆరు రోజులు గడిపేస్తాయి. ఆ ముగ్గురి పనీ ఒక్కటే చేసే కొత్త జీవిని హిమబిందు తయారుచేసింది. పొద్దున గింజల మీద చల్లితే సాయంత్రానికి పని పూర్తి. ఒక్క పూటలో పులియబెడుతుంది కాబట్టి ఊరివాళ్లు దానికి పూటపులుపు అని పేరు పెట్టారు. ఆమె రాసుకున్న పొడవాటి పేరు ఎవరికీ నోరు తిరగలేదు.

తాడు కట్టకుండా ఎద్దుని ఊళ్లోకి తోలేంత అమాయకురాలు కాదు హిమబిందు. కోకో గుజ్జులో మాత్రమే దొరికే ఒక పదార్థం అందకపోతే పూటపులుపు తన ఒంటి చుట్టూ ఉండే గోడ కట్టుకోలేదు, కూలి చచ్చిపోతుంది. అలా తయారుచేసింది. పరీక్షలు కూడా చేసింది. ప్యాకెట్ పాలలో వేసి చూసింది, పిండిలో వేసింది, మట్టిలో, చెరువు నీళ్లలో వేసింది. అన్నిట్లోనూ బుద్ధిగా చచ్చింది. అనుమతులిచ్చే పెద్దలు వచ్చి చూసి సంతకాలు పెట్టి వెళ్లారు.

అయినా బయటికి వచ్చింది. ఎలా వచ్చిందో కూడా ఆమెకి తెలుసు. మొదటి పెట్టె తెరిచిన సాయంత్రం గింజ కోసి చూస్తే లోపల ఇటుకరంగు, ఎక్కడా బూజన్నది లేదు. గోపి ఆమెని పట్టుకుని పెట్టెల చుట్టూ తిప్పేశాడు. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి వచ్చారు. పాలు కాగి పొయ్యి దిగి ఉన్నాయి. "అమ్మాయ్, ఆ పాలు తోడెట్టెయ్యి," అన్నారు అత్తగారు. హిమబిందు గిన్నెలో చిటికెనవేలు ముంచి, గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూసి, తోడు వేసింది. ల్యాబులో గ్లౌజులు లేనిదే సీసా ముట్టని మనిషి. కానీ పాలు తోడుపెట్టేటప్పుడు వేలు ముంచి చూడని ఆడది గుమ్మలపాడులో పుట్టలేదు. ఆ వేలితోనే పూటపులుపు గిన్నెలోకి దిగింది, గిన్నెలోంచి ఊళ్లోకి వెళ్లింది.

అంతటితో పోయినా బాగుండును. పాలలోకి వెళ్లింది పొట్టల్లోకీ వెళ్లింది. వయసులో ఉన్నవాళ్లకి కడుపుబ్బరం, పిల్లలకి నీరసం. హిమబిందు అత్తగారు వీరరాఘవమ్మ మాత్రం మంచం పట్టారు.

ఆవిడ రాత్రిపూట పెరుగన్నం తప్ప ఏదీ ముట్టరు. ఆ చాక్లెట్ పెరుగుని కూడా, కోడలు వద్దన్నా వినకుండా, "పోన్లే, పాలేగా" అని మూడు రోజులు కలుపుకుని తిన్నారు. తర్వాత తిన్నది ఏదీ కడుపులో నిలవలేదు. ఏలూరులో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేయించి, పేగుల్లో మేలు చేసే క్రిములన్నీ పోయాయనీ, ఏదో కొత్త క్రిమి వాటి చోట్లో కూర్చుందనీ చెప్పాడు. మందులు వేస్తే మిగిలిన కాస్త మంచివి పోతున్నాయే గాని అది కదలడం లేదన్నాడు. ఆ కొత్త క్రిమిని తయారుచేసినామె ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉందని ఆయనకి తెలియదు. హిమబిందే చెప్పింది.

"అయితే దాన్ని ఎలా చంపాలో మీరే చెప్పాలమ్మా," అన్నాడు ఆయన. "ఆవిడ వయసుకి ఇలాగే నీరసపడుతూ పోతే నేను ఎక్కువ రోజులు భరోసా ఇవ్వలేను."

ఇంటికి తీసుకొచ్చారు. పుష్టిగా ఉండే మనిషి, చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. జావ పట్టదు, పళ్లరసం పట్టదు. ఒక్కటే పడుతోంది. కోకో గుజ్జు రసం. తియ్యగా, చల్లగా, కాస్త పుల్లగా ఉండే ఆ రసం ఆవిడకి చిన్నప్పటినుంచీ ఇష్టం. హిమబిందు రోజూ మంచి కాయలు ఏరి, కొట్టి, గుజ్జు వడకట్టి, గ్లాసుతో పట్టుకెళ్లి చెంచాతో తాగించేది.

"నువ్వు మానెయ్యవే ఈ చాకిరీ," అనేవారు ఆవిడ. "నీ షెడ్డుకెళ్లి పని జూసుకో."

"ఇదే నా పని అత్తయ్యా. తాగండి."

"ఎవరో నిన్ను తిడతన్నారంటగా ఊళ్లో?"

"తిట్టనీండి. తప్పేముంది?"

తిడుతున్నది ఎవరో కాదు, పక్కింటి మంగతాయారు. ఆవిడకి నాలుగు గేదెలున్నాయి. చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లి జరిగినా పెరుగు ఆవిడ కుండలోంచే వెళ్లాలి. ఇప్పుడు ముహూర్తాలు దాటిపోతున్నాయి, కుండలు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. పాలు పచ్చిగా అమ్ముకోవచ్చు గాని, పెరుగు మంగతాయారన్న పేరు పోతే ఆవిడకి తల తీసేసినట్టే. ఒకరోజు పొద్దున్నే వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమ్మా బిందూ, సదుంకుంటే ఊరికి మేలు జేత్తావనుకున్నాం. కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడిపోయింది. మా ముత్తాతల నాటి తోడు మా ఇంట్లో. ఒక్కనాడు తప్పలేదు. నీ పుణ్యమా అని పోయింది!"

"పిన్నిగారూ, నేను..."

"నీ మాటలొద్దు, నీ మందొద్దు. ఇయాల్టి నుంచీ కోకో అన్నది నా గడప తొక్కిందా, చూడు మరి!"

అని ఊరుకోలేదు. మంగతాయారు ఊరుకునే మనిషి కాదు. తన పెరట్లో ఉన్న కోకో పెట్టెల్ని, ఎండబెట్టిన గింజల్ని, తడిసిన గోనెసంచుల్ని, కాయలు కోసే కత్తితో సహా బండెక్కించి గోపి షెడ్డు ముందు దింపించేసింది. మొగుడు అడ్డుపడబోతే అతన్ని కూడా బండెక్కించేదే. వేణ్ణీళ్లు కాచి ఇల్లు కడిగింది, కుండలు కాల్చింది, గోడలకి సున్నం కొట్టింది. ఊరంతా ముక్కున వేలేసుకుని చూసింది. హిమబిందు గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి వెళ్లి ఏడ్చింది. ఆవిడ తిట్టిన తిట్టు ఒక్కటి కూడా అబద్ధం కాదు మరి.

ఆ తర్వాత షెడ్డులో కూర్చుంది. ఊళ్లో పది ఇళ్ల నుంచి తెచ్చిన పాల సీసాలు ముందు పెట్టుకుంది. ఆమె అనుమానం ఒక్కటే, పూటపులుపు మారిపోయిందని. కట్టిన తాడు తెంపుకుని, కోకో లేకపోయినా బతకడం నేర్చుకుందని. అదే నిజమైతే ఇక దానికి హద్దు లేదు. గుమ్మలపాడు నుంచి ఏలూరు, ఏలూరు నుంచి ఎక్కడికైనా. పాలున్న చోటల్లా, పొట్ట ఉన్న చోటల్లా. అత్తయ్య లాంటి ముసలమ్మ లేని ఊరుంటుందా?

సీసాల్లోని జీవిని హైదరాబాదులో తన పాత ల్యాబుకి పంపి, దాని జన్యువుల రాతని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివించింది. తన దగ్గర దాచిన అసలు నమూనాతో పక్కపక్కన పెట్టి పోల్చింది. ఒక్క తేడా లేదు. తాడు ఎలా కట్టిందో అలాగే ఉంది. మళ్లీ చదివించింది. అంతే.

"తాడు తెగలేదండీ," అంది భర్తతో. "తెగితే భయపడదామనుకున్నాను. తెగకపోతే ఇంకా భయమేస్తోంది. అయితే అది ఎలా బతుకుతోంది?"

గోపికి ఈ లెక్కలు తెలియవు. భార్య సరిగ్గా తిని ఎన్నాళ్లయిందో మాత్రం తెలుసు. "ముందు నువ్వు ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తిను. అమ్మ నిన్నే అడుగుతోంది," అన్నాడు.

ఇంటికి వెళ్లింది. అన్నం సంగతి తర్వాత, ముందు అత్తగారి రసం. కాయ కొట్టి గుజ్జు తీసి గ్లాసు నింపుకుని గదిలోకి వెళ్లేసరికి మంచం పక్కన మంగతాయారు కూర్చుని ఉంది. హిమబిందుని చూసి మొహం పక్కకి తిప్పుకుంది గాని లేచి వెళ్లలేదు. ఒళ్లో చిన్న స్టీలు గిన్నె ఉంది.

"నీకోసం రాలేదులే," అంది గోడని చూస్తూ. "మా వదిన కోసం వచ్చా. ముప్పై ఏళ్ల నుంచీ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటన్నాం. నీ మీద కోపం ఆవిడ మీద చూపిత్తానేంటి?"

మూత తీసింది. గిన్నెలో పెరుగు ఉంది. తెల్లగా, గట్టిగా, పైన పసుపుపచ్చని మీగడతో.

హిమబిందు గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఎక్కడిదండీ? ఏ ఊరి నుంచి తెచ్చారు తోడు?"

"ఊర్నించి తేవటమేంటి? పాలల్లో పచ్చిమిరగాయ తొడిమలేశా. తోడు లేనప్పుడు అందరూ ఏసేదే."

అది అందరికీ తెలిసిన చిట్కాయే. తోడు దొరకనప్పుడు మిరపకాయ తొడిమలు పాలలో వేసి ఉంచితే వాటిని అంటుకున్న క్రిములే పాలని తోడుకునేలా చేస్తాయి. హిమబిందు కూడా వేసి చూసింది, ఊళ్లో ప్రతి ఇంట్లోనూ వేసి చూశారు. ఎవరికీ తోడుకోలేదు.

"మీరు ఇంతకుముందు కూడా వేశారు కదా పిన్నిగారూ. అప్పుడు తోడుకోలేదన్నారు."

"అప్పుడు తోడుకోలేదు. ఇప్పుడు తోడుకుంది. నిన్నా తోడుకుంది, ఇయాలా తోడుకుంది."

"మధ్యలో ఏం మారింది?"

"ఏం మారతది? నీ దరిద్రపు కోకో నా ఇంట్లోంచి బయటికి పోయింది!"

ఆ మాటకి హిమబిందు తన చేతుల వంక చూసుకుంది. గోళ్ల సందున గుజ్జు. చీరకొంగు మీద గుజ్జు మరక. డాబా మీద ఎండే గింజల దుమ్ము కిటికీ చువ్వల మీద, వంటింటి గూట్లో, గిన్నెల అంచుల మీద. ఊళ్లో ఏ ఇంట్లో చూసినా ఇంతే కదా. పొద్దున కాయలు కొట్టిన చేతులతోనే సాయంత్రం పాలు పితుకుతారు, పిండి కలుపుతారు, తాటిచెట్టెక్కి కుండ దించుతారు. పూటపులుపుకి కావలసింది చిటికెడు. గుమ్మలపాడు గోరు కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. ల్యాబులో ప్యాకెట్ పాలతో, గ్లౌజుల చేతులతో పరీక్ష చేసింది కాబట్టి అక్కడ చచ్చింది. ఇక్కడ ఊరంతా కలిసి దానికి అన్నం పెడుతున్నారు.

తాడు తెగలేదు. తాము పట్టుకుని వదలడం లేదు, అంతే.

"ఇలా తే అమ్మాయ్, దాహమేత్తంది," అన్నారు వీరరాఘవమ్మ, గ్లాసు కోసం చెయ్యి చాపి.

హిమబిందు గ్లాసుని చటుక్కున వెనక్కి లాక్కుంది. పామని తెలియక పాలు పోసి పెంచుతున్నట్టు, అత్తగారి కడుపులో ఉన్నదాన్ని ఇన్నాళ్లూ తనే చెంచాతో మేపింది. సిగ్గు, భయం, వాటి వెనకే చెప్పలేనంత సంతోషం. ఒకేసారి మూడూ ముంచుకొచ్చాయి. మంగతాయారు కాళ్ల దగ్గర కూలబడి ఆవిడ మోకాళ్లు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

"ఇదేంటే బాబూ!" అని కంగారుపడింది మంగతాయారు. "ఏదో కోపంలో అన్నాను గాని... లే, లే. వదినా, నీ కోడలికి చెప్పు!"

"తిట్టండి పిన్నిగారూ," అంది హిమబిందు కళ్లు తుడుచుకుంటూ. "మీరు తిట్టకపోతే మాకు తెలిసేది కాదు."

ఇంటిని శుభ్రం చేయడం తేలికే. ఊరిని ఒప్పించడమే కష్టం. తోటల్లో కాయ పండి పసుపు తిరిగి ఉంది. ఏడాదికి వచ్చే పంటలో ముఖ్యమైన కాపు అది. సాయంత్రం పాలకేంద్రం దగ్గర అందరూ కూడారు. హిమబిందు దాచకుండా అంతా చెప్పింది. తను వేలు ముంచడం దగ్గర్నుంచి అత్తగారికి రసం పట్టడం దాకా. కొన్నాళ్లు కాయ కోయకూడదు, కొట్టకూడదు, ఉన్న గింజలు గోతుల్లో పూడ్చేయాలి. ఇల్లూ వాకిలీ, చేతులూ గోళ్లూ కడగాలి. గుజ్జు ఎవరూ చప్పరించకూడదు. తిండి అందక పూటపులుపు అదే చస్తుంది.

"చావకపోతే?" అన్నారెవరో.

"చావకపోతే మా అత్తయ్య నాకు దక్కరు," అంది ఆమె. "అంతకంటే పెద్ద పందెం నేను కాయలేను."

వెనకనుంచి గోపి లేచాడు. అందరికంటే ఎక్కువ గింజ అతని షెడ్డులోనే ఉంది. "ముందు నా గింజే పూడుస్తాను. గొయ్యి తీయడానికి ఎవరొస్తారు?" అన్నాడు.

"కల్లు మళ్లీ పులుత్తదంటావా బిందమ్మా?" అని అడిగాడు ఒక పెద్దాయన.

"పులుస్తుంది బాబాయ్."

"అయితే పదండ్రా, గునపాలెక్కడ?" అన్నాడాయన. నవ్వులు లేచాయి. ఊరు ఏ మాటకి ఒప్పుకుందో చెప్పడం కష్టం, గాని ఒప్పుకుంది.

కంపెనీ తరఫున గింజలు కొనే శేషసాయి కబురు తెలిసి మర్నాడే కారులో దిగాడు. మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. షెడ్డులో హిమబిందు ఎదురుగా కూర్చున్నాడు.

"మేడమ్, గింజ పూడ్చారు, సరే. మీ కష్టం మాకు తెలుసు. కానీ ఆ పూటపులుపు కల్చర్, ఆ సీసాల్లో పెంచుతున్నది మాకివ్వండి. ఎంత కావాలో మీరే చెప్పండి. ఇక్కడ జరిగింది చిన్న పొరపాటు. మీరు కట్టిన రక్షణ పనిచేస్తోందని మీరే అంటున్నారుగా? కోకో లేకపోతే చస్తుంది."

"చస్తుందండీ."

"మరింకేం?"

"కోకో లేనిచోట దాంతో ఎవరికి పని శేషసాయిగారూ? దాంతో పనున్నది కోకో పండే ఊళ్లలో. దానికి ప్రాణం ఉండేదీ అక్కడే. ప్రతి ఊళ్లోనూ చేతులుంటాయి, వంటిళ్లు ఉంటాయి, గుజ్జు చప్పరించే పిల్లలుంటారు. నేను కట్టిన తాడు ల్యాబులో పనికొస్తుంది. తోటలో పనికిరాదు."

శేషసాయి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "పెరుగు సంగతే అయితే, మా కంపెనీ తరఫున ఊరికి రోజూ ప్యాకెట్ పెరుగు పంపిస్తాం. అది పెద్ద ఖర్చేం కాదు," అన్నాడు. పాపం, మంచి ఉద్దేశంతోనే అన్నాడు.

హిమబిందుకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. "ఆ మాట మా పక్కింటి పిన్నిగారితో అనకండి, కారు కదలనివ్వరు," అంది.

ఆయన వెళ్లాక ప్రెషర్ కుక్కర్లో నీళ్లు పోసింది. అలమారలోంచి, ఫ్రీజర్లోంచి సీసాలన్నీ తీసి లోపల పేర్చింది. ఎన్నో ఏళ్ల చదువు, హైదరాబాదులో వదులుకున్న ఉద్యోగం, పెద్దవాళ్ల సంతకాలు, అన్నీ ఒక్క కుక్కర్లో పట్టాయి. మూత బిగించింది. గోపి వచ్చి పక్కన నిలబడ్డాడు గాని వద్దనలేదు, చెయ్యమనీ అనలేదు. కుక్కర్ కూత వేసింది. మళ్లీ వేసింది. కూతలు లెక్కపెట్టకుండా ఆమె చాలాసేపు మంట అలాగే ఉంచింది. బాధ లేదంటే అబద్ధం. కానీ గుండెల మీద కూర్చున్న బండ దిగినట్టు కూడా ఉంది. ఆ రెంటిలో ఏది ఎక్కువో ఆమె తేల్చుకోదలచుకోలేదు.

తర్వాత చేసేది ఏమీ లేదు, ఎదురుచూడడం తప్ప. అదే అన్నిటికంటే కష్టం. వీరరాఘవమ్మ రసం కోసం మారాం చేశారు. చిన్నపిల్లలా మూతి ముడిచారు. "ఉన్న ఒక్క రుచీ తీసేశావు," అని కోడలిమీద అలిగి గోడవైపు తిరిగి పడుకున్నారు. మొదట్లో ఇంకా నీరసపడ్డారు, మంగతాయారు ఇచ్చిన పెరుగు కూడా కడుపులో నిలవలేదు. గ్లూకోజు నీళ్లు చెంచాతో పోస్తూ, తను తప్పు లెక్క వేశానేమోనని హిమబిందు లోలోపల హడలిపోయింది. డాక్టరుకి ఫోన్ చేస్తే, ఆగి చూడమన్నాడు. ఆగడం ఎంత కష్టమో ఆయనకేం తెలుసు?

ఒకరోజు ఆవిడ జావ తాగారు. అది కడుపులో నిలిచింది. మర్నాడు ఇంకాస్త తాగారు. ఆ వారంలోనే ఏలూరు నుంచి పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు స్వయంగా ఫోన్ చేశాడు. "మీ క్రిమి దాదాపు కనబడటం లేదమ్మా. చచ్చిపోతోంది," అన్నాడు. ఆయన గొంతులో కూడా సంతోషం వినిపించింది. తయారుచేసిన మనిషికి దాని చావు కబురు చెప్పి అభినందించడం ఆయన వృత్తిలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

ఊళ్లోనూ ఇంటింటా కబుర్లు మొదలయ్యాయి. ఫలానావాళ్లింట్లో పిండి పొంగి గిన్నె మూత పడేసిందట. ఫలానావాళ్ల పాలు సగం తోడుకున్నాయట. తాటిచెట్ల దగ్గర మగవాళ్లు కుండ చుట్టూ చేరి, బిడ్డ పుట్టిన ఇంటి ముందులా నిలబడ్డారట. కంపెనీ మళ్లీ మనిషిని పంపింది. ఆరు రోజుల పద్ధతిలోనే గింజ కొంటామంది. వాన తగలకుండా షెడ్లు వేసుకుంటే చాలంది. వేరే దిక్కు లేదు కదా వాళ్లకి కూడా. రేటు మునుపటంత రాదు. ఊరు గొణుక్కుంటూనే సరేనంది, రేకులు కొనడానికి ఏలూరు బయలుదేరింది.

హిమబిందు ఇంట్లో పాలు అందరికంటే ఆలస్యంగా తోడుకున్నాయి. అన్నిటికంటే ఎక్కువ కోకో దుమ్ము ఆ ఇంట్లోనే మరి. ఒక మధ్యాహ్నం మూత తీసి చూసేసరికి గిన్నెలో తెల్లటి పెరుగు కదలకుండా ఉంది. పైన మీగడ మందంగా కట్టింది. ఆమె దగ్గరగా వంగి వాసన చూసింది. కమ్మటి పెరుగు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"అత్తయ్యా, పెరుగు!" అని కేక పెట్టింది. అంత గట్టిగా అరవడం ఆ ఇంట్లో ఆమెకి అదే మొదటిసారి.

అన్నం మెత్తగా కలిపింది. వీరరాఘవమ్మ మంచం మీద లేచి కూర్చున్నారు. కంచం తన ఒళ్లోనే పెట్టమన్నారు, తినిపించుకోనన్నారు. గోపి కూడా వచ్చి నేలమీద కంచం ముందు కూర్చున్నాడు. తోట నుంచి తెచ్చిన రసం మామిడిపండు పక్కనుంది. హిమబిందు గరిటెతో మీగడ తీసి, అలవాటుగా భర్త కంచం వైపు వంగింది. ఆ ఇంట్లో మీగడ ఎప్పుడూ గోపిదే. కొడుకు పుట్టిననాటి నుంచీ వీరరాఘవమ్మ ఒక్కరోజు కూడా మీగడ తన కంచంలో వేసుకోలేదు. ఎవరైనా వేయబోతే "నాకెందుకే, వాడికెయ్యి" అని చెయ్యి అడ్డం పెట్టేవారు.

"అమ్మాయ్," అన్నారు ఆవిడ.

"ఏం అత్తయ్యా?"

"మీగడ నాకెయ్యి."

గోపి నోరు తెరిచి తల్లి వంక చూశాడు. హిమబిందు గరిటె గాలిలోనే ఆగింది.

"ఏంటలా చూత్తారు?" అన్నారు వీరరాఘవమ్మ. "నాకు తినాలనుంది. మొత్తం ఎయ్యి. వాడికి రేపేద్దువుగాని."

హిమబిందుకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఆపుకోకుండానే గిన్నె మీద ఉన్న మీగడంతా గరిటెతో ఎత్తి అత్తగారి కంచంలో వేసింది. ఆవిడ కొడుకు వంక చూడకుండా కలుపుకుని తినడం మొదలుపెట్టారు.